ఊరేగింపా, ముఠానా

ఆ ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు తలుపు మీది పలకకే పరిమితం. మనుషుల నోట మాత్రం ఆవిడ నిదానమ్మ. ముందు నర్సులు పెట్టారు, డాక్టర్లు అందుకున్నారు, చివరికి గేటు దగ్గర కాపలా కాసే మనిషి కూడా ఆవిడ కారు లోపలికి రాగానే ఇంక కాసేపు గేటు సంగతి మర్చిపోవచ్చు అనేవాడు. ఆవిడ కారు వెనక్కి తిప్పి, సర్ది, మళ్లీ ముందుకు తెచ్చి, నచ్చక ఇంకోసారి సర్దేదాకా వెనక వచ్చినవాళ్లు హారన్ కొట్టడం తప్ప చేసేదేమీ లేదు. ఈ మాటలు ఆవిడ చెవిన పడకపోలేదు. పడినా నిమ్మకు నీరెత్తినట్టు ఉండేది. నోరు జారి ఆ మాట వెనక్కి తీసుకోవడం కంటే నిదానమ్మ అనిపించుకోవడమే నయమని ఆవిడ లెక్క.

ఇంట్లోనూ అదే పేరు. భర్త హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. బతుకంతా ఈల ఊది పిల్లల్ని పరిగెత్తించిన మనిషి. పెళ్లి చేసుకుందామా అని తను అడిగిన మాటకు ఈవిడ ఆరునెలలు ఆలోచించి సరేనందనీ, ఆ ఆరునెలలూ రోజూ ఆవిడ కాలేజీ చుట్టూ తిరగడం వల్లే ఇవాళ్టికీ తనకు పొట్ట రాలేదనీ వచ్చిన చుట్టాలందరికీ చెబుతుంటాడు. ఆవిడ వింటూ, ఆరు కాదు అయిదే అని సరిదిద్దేది. అక్కడ మాత్రం ఆలస్యం చేసేది కాదు.

ఆవిడ పని, రోగుల ఒంట్లోంచి తీసిన నీటిలో కణాలను మైక్రోస్కోపు కింద చూసి అవేమిటో చెప్పడం. పొట్టలో చేరిన నీరు, ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు, అన్నిటికంటే కొంచెంగా వచ్చేది వెన్నునీరు. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ ఉండే ఆ నీటిని నడుం దగ్గర సూది గుచ్చి బొట్టు బొట్టుగా తీస్తారు. చూడడానికి మంచినీళ్లలాగే ఉంటుంది. అందులో ఏమున్నాయో ఆవిడ చెప్పాక గాని పై అంతస్తులో వైద్యం కదలదు.

ఇంత నిదానం ఆవిడకు పుట్టుకతో వచ్చింది కాదు. చదువుకునే రోజుల్లో వార్డుల్లో ఆవిడే అందరికంటే చురుకు. ఒక్కటే లోపం, ఎదుటి మనిషి ఏడిస్తే తట్టుకోలేకపోయేది. రోగి కళ్లలో నీళ్లు తిరిగేలోపే ఈవిడ కళ్లు కారిపోయేవి. ఓసారి పెద్ద డాక్టరు అందరి ముందూ కసిరాడు, వాళ్లను నువ్వు ఓదారిస్తే నిన్నెవరు ఓదార్చాలని. ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత వెతుక్కుని వెతుక్కుని ఈ గదిలో చేరింది. కణాలు ఏడవవు. వాటికి తల్లీ తండ్రీ వచ్చి వసారాలో నిలబడరు. అప్పట్నుంచి ఏ రోగినీ కళ్లారా చూడకపోవడం ఒక నియమంగా పెట్టుకుంది. ముఖం చూస్తే కన్ను మొహమాటపడుతుంది అనేది. అందులో సగం నిజం. మిగతా సగం పిరికితనమని ఆవిడకూ తెలుసు, కాని అడిగినవాళ్లెవరూ లేరు కనక చెప్పాల్సిన అవసరం రాలేదు.

గది కింది అంతస్తులో, దుప్పట్లు ఉతికే గదికి ఆనుకుని ఉండేది. పొద్దుటి నుంచీ పక్కన యంత్రాల గరగర, వేడి సబ్బు వాసన. కిటికీలోంచి చూస్తే కార్ల చక్రాలు. బల్ల మీద నీలం, ఊదా రంగుల సీసాలు, వరసగా ఆరబెట్టిన గాజుపలకలు. ఆ పలకలు తయారుచేసేది ఆసుపత్రి అంతా బాబాయి అని పిలిచే టెక్నీషియన్. ఆవిడా ఆయనా ఇంచుమించు ఒకే ఏడు చేరారు. ఆయన వేళ్లకు ఊదారంగు ఎంతగా ఇంకిపోయిందంటే, పెళ్లిళ్లకు వెళ్తే చేతులు జేబుల్లో పెట్టుకునే తిరిగేవాడు. ఆ గదిలో ఇద్దరూ ఒకరికొకరు తలలో నాలుకలా మెలిగేవారు. గొడవపడేది ఫ్యాను వేగం గురించే.

పని నేర్చుకోవడానికి వచ్చే కొత్త డాక్టర్లకు ఆవిడ చెప్పే పాఠం ఒకటుంది. వైరస్ జొరబడితే దాన్ని తరమడానికి వెన్నునీటిలోకి తెల్లకణాలు వచ్చి చేరతాయి. అది ఊరేగింపు అనేది ఆవిడ. అందులో చిన్నవాళ్లుంటారు, నడివయసువాళ్లుంటారు, అలిసిపోయి పక్కన కూర్చున్నవాళ్లుంటారు. కొన్ని కణాలు కోపంతో ఉబ్బి, ముదురు నీలం పట్టి, అచ్చం రౌడీల్లా ఉంటాయి, కాని వాటి పక్కనే సాదాసీదా కణాలూ కనబడతాయి. క్యాన్సర్ అలా కాదు, అది ముఠా. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు, ఒకే ముఖంతో, ఒకే వంకరతో ఉంటాయి. ఒక్కణ్ణి చూసి తీర్పు చెప్పొద్దు, గుంపును చూడండి అనేది. కుర్ర డాక్టర్లు తల ఊపేవారు. తల ఊపినవాళ్లలో ఒకాయన తర్వాత అదే ఆసుపత్రిలో క్యాన్సర్ డాక్టరయ్యాడు.

ఈ క్యాన్సర్ డాక్టరు కాలుగాలిన పిల్లిలా తిరిగే మనిషి. మెట్లు రెండేసి ఎక్కేవాడు, ఫోనులో హలో అనే ఓపిక కూడా ఉండేది కాదు. అయితే మనిషి మంచివాడు. కొన్నేళ్ల కిందట లింఫ్ గ్రంథుల్లో తెల్లకణాలకు పుట్టే క్యాన్సర్‌తో వచ్చిన ఒక అమ్మాయిని బతికించింది ఆయనే. సిటీ బస్సు నడిపే అమ్మాయి. జబ్బు నయమైంది గాని మందుల ఘాటుకు ఇక పిల్లలు పుట్టడం కష్టమని చెప్పిందీ ఆయనే. మొన్నీమధ్య ఆ అమ్మాయికి నెల తప్పిందని తెలిసినప్పుడు వార్డంతటికీ మిఠాయి పంచిందీ ఆయనే.

ఆ అమ్మాయికి నాలుగో నెలలో తలనొప్పి పట్టుకుంది. బస్సు నడుపుతుంటే ఎదురుగా వెలుతురు సూదుల్లా పొడిచిందట. ఒక కన్ను మూసుకుని, ఎక్కినవాళ్లందర్నీ దించాల్సిన చోట దించి, బస్సు డిపోలో పెట్టి, తాళం అప్పగించి అప్పుడు కూలబడింది. మెడ పట్టేసింది, వాంతులు, ఒళ్లు వెచ్చగా ఉంది. మెదడుకు తీసిన స్కాన్‌లో ఏమీ కనబడలేదు. ఏమీ కనబడనంత మాత్రాన ఏమీ లేదని కాదు. పాత జబ్బు వెన్నునీటిలోకి దూరి తిరగబెట్టినా ఇలాగే ఉంటుంది, మామూలు వైరస్ దూరినా ఇలాగే ఉంటుంది. తలనొప్పి ఒకటే, వాంతులు ఒకటే. తేడా అంతా వైద్యంలో ఉంది. వైరస్ అయితే నొప్పికి మందిచ్చి, పడుకోబెట్టి, కనిపెట్టుకుని ఉంటే చాలు. క్యాన్సర్ అయితే ఘాటు మందులు ఆలస్యం చెయ్యకుండా ఎక్కించాలి, ఎక్కించాలంటే ముందు గర్భం తీసెయ్యాలి. మళ్లీ నెల తప్పుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు.

ఆ రోజు వెన్నునీటి గొట్టాన్ని క్యాన్సర్ డాక్టరు తనే చేత్తో పట్టుకుని కిందికి వచ్చాడు. లిఫ్టు చెడిపోయి, సూది గుచ్చిన చోట కాగితాలు కదలక, అప్పటికే చాలా ఆలస్యమైంది. వచ్చినవాడు కూర్చోలేదు. బాబాయి వెనక నిలబడ్డాడు, ఆ తర్వాత నిదానమ్మ వెనక నిలబడ్డాడు. పలక ఆరీ ఆరగానే ఆవిడ కన్ను పెట్టింది. నిండా కణాలు. అన్నిటి నడిబొడ్డున ఉండే కేంద్రకమూ రేకులు రేకులుగా విచ్చుకుని, అంచులు కోసుకుపోయి, ఎటు తిప్పినా అదే వంకర. ఒక్క మాట చెప్పండి మేడమ్, ఒక్క మాట, అని వెనక నుంచి ఆయన ఒకటే గొణుగుడు.

"బాగాలేవయ్యా" అంది నిదానమ్మ.

అనుకోకుండా జారిన మాట. ఇంకా చూడాలి, రేపు చెప్తాను అనబోయేసరికి ఆయన తలుపు దాటిపోయాడు. రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఆగుతాడులే అనుకుంది ఆవిడ. ఆయన ఆగలేదు. పైకి వెళ్లి, తెల్లారితే గర్భం తీసెయ్యడానికి ఏర్పాట్లు చేయమన్నాడు. ఆ అమ్మాయికీ, పక్కనే ఉన్న అత్తగారికీ విషయం చెప్పాడు. 

మధ్యాహ్నం దాటాక ఆ గది తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. అలా ఎవరూ రారు అక్కడికి. ఆ గది ఉందనే రోగులకు తెలియదు. నిలబడింది బట్టలు కుట్టే మనిషని చూడగానే తెలుస్తోంది, మెడలో కొలతల టేపు తీయకుండానే వచ్చేసింది. ఆమె బస్సు అమ్మాయి అత్తగారు. కొడుకు లారీ వేసుకుని దూరం వెళ్లాడట, కబురు అంది బయల్దేరాడట. అందాకా ఉన్నది ఈమె ఒక్కతే.

"అమ్మా, బాగాలేవని చెప్పింది మీరేనా?" అని అడిగింది.

నిదానమ్మ కుర్చీలోంచి లేచింది. నేనే అంది.

"ఏవి బాగాలేవు? పైన డాక్టరుగారు చెప్పారు గానీ, ఆయన చెప్తుంటే నాకు చెవులు పనిచెయ్యలేదు."

ఆమె ఏడుస్తుందేమోనని నిదానమ్మ బిక్కుబిక్కుమంటూ చూసింది. ఆమె ఏడవలేదు. కొట్లాటకు వచ్చినదానిలా నిలబడి తన కోడలి గురించి చెప్పింది. అది ఊరికే ఒప్పుకునే పిల్ల కాదట. పెళ్లయిన కొత్తలో జాకెట్టు చేతులు ఎంత పొడుగుండాలన్న దాని మీద అత్తాకోడళ్లు వారం రోజులు మాట్లాడుకోలేదట. అలాంటిది పొద్దున డాక్టరు చెప్పింది విని, మీ ఇష్టం అని గోడవైపు తిరిగి పడుకుందట. "దాని నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదమ్మా. నాకు దానికే భయంగా ఉంది" అంది.

ఇంకోసారి చూస్తానని నిదానమ్మ చెప్పింది. వేరే ఏం చెప్పాలో తెలియక చెప్పిన మాట అది. అత్తగారు సరేనని బయట బల్ల మీద కూర్చుంది. చూసేదాకా కదిలే మనిషి కాదని ఆ కూర్చున్న తీరులోనే ఉంది.

ఈసారి నిదానమ్మ పలక మధ్యలో చూడలేదు. అంచులకు పోయింది. ఎవరూ పట్టించుకోని చోట రెండు మూడు మామూలు కణాలున్నాయి, ఏ జబ్బుకూ సంబంధం లేనివి, ఏ మనిషి నీటిలోనైనా ఒకటీ అరా ఉండేవి. వాటి కేంద్రకమూ రేకులు రేకులుగానే ఉంది. ఇంకో మూల చూసింది, అక్కడా అంతే. దొంగలూ దారిన పోయేవాళ్లూ అందరూ ఒకే తీరుగా నలిగి ఉన్నారు. అంటే ఆ వంకర వాళ్లది కాదు, ఎవరో తొక్కేస్తే వచ్చింది.

వెన్నునీరు పలచన. అందులో కణాలు సబ్బు నురగంత సుకుమారం. గాజుపలక మీదికి చేర్చడానికి యంత్రంలో వేసి గిర్రున తిప్పాలి, అలాగే తిప్పితే నలిగి చస్తాయి. అందుకని తిప్పేముందు ఆల్బుమిన్ అనే చిక్కటి ద్రవం ఒక చుక్క వేస్తారు. అది పరుపులా కాపాడుతుంది. బాబాయికి ఆ చుక్క వెయ్యడం ఊపిరి పీల్చడమంత అలవాటు, ఆవిడ ఎప్పుడూ అడిగి ఎరగదు. ఇవాళ అడిగింది.

బాబాయి ఫ్రిజ్ వైపు చూశాడు. సీసా ఫ్రిజ్‌లో వెనకాల ఉందన్నాడు. డాక్టరుగారు భుజం మీద బుసలు కొడుతూ నిలబడ్డారన్నాడు. ఆఖరికి తల దించుకున్నాడు.

"వెయ్యలేదమ్మా. తర్వాత వేద్దామనుకున్నాను."

"తిప్పేశాక ఎలా వేస్తావు బాబాయ్?"

"అదేగా" అన్నాడాయన, ఆ సంగతి ఇప్పుడే తట్టినట్టు.

ఇంకో రోజైతే నిదానమ్మ ఒంటికాలి మీద లేచేది. ఇవాళ లేవలేకపోయింది. అదే డాక్టరు తన వెనకా నిలబడ్డాడు, తన నోరూ అలాగే తొందరపడింది. బాబాయి చుక్క మర్చిపోయాడు, తను రేపు అన్న మాట మర్చిపోయింది. ఇద్దరిలో తనదే పెద్ద తప్పనిపించి ఆవిడకు సిగ్గేసింది.

అయితే నలిగిన ముఖం చూసి దొంగ కాదనీ చెప్పలేం. ఆ పలక అవునని చెప్పదు, కాదని చెప్పదు. మిగిలిన నీరు వైరస్ పరీక్షకు, కణాలన్నీ ఒకే వంశమా కాదా అని తేల్చే పెద్ద యంత్రానికి వేరే ఊరు పంపేశారు. ఆ జవాబులు వచ్చేసరికి రోజులు పడుతుంది. తెల్లారేలోపు తేలాలంటే ఒక్కటే దారి, ఆ అమ్మాయి వెన్నులో మళ్లీ సూది గుచ్చాలి.

క్యాన్సర్ డాక్టరుకు ఫోను చేసింది. పలక నలిగిన సంగతి చెప్పి, మళ్లీ గుచ్చాలంది. ఆయన ఒప్పుకోలేదు. పొద్దున బాగాలేవన్నారు గదా అన్నాడు. అన్నాను, అనకూడదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను అంది ఆవిడ. నిజంగా తిరగబెట్టిందే అయితే ఒక్కో రోజు ఆలస్యానికీ ఒక్కో నరం పోతుందని ఆయన వాదించాడు. తిరగబెట్టకపోతే ఏం పోతుందో ఆవిడ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

"గుచ్చాలంటే మీరే వచ్చి అడగండి మేడమ్. ఆ అమ్మాయి ముఖం నేను మళ్లీ చూడలేను" అన్నాడాయన.

నిదానమ్మ ఫోను పెట్టేసి చాలాసేపు చేతులు కడుక్కుంది. అవి మురికిగా లేవు. తర్వాత మెట్లెక్కింది. వెనకాలే అత్తగారు, ఆమె వెనక చేతులు జేబుల్లో పెట్టుకుని బాబాయి. ఇన్నేళ్లలో ఆవిడ ఆ అంతస్తుకు వెళ్లింది లేదు, ఏ పక్కకు తిరగాలో కూడా అత్తగారే చూపించాల్సి వచ్చింది.

గదిలో పరదాలు వేసి ఉన్నాయి. ఆ అమ్మాయి కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని గోడవైపు తిరిగి ఉంది. పెదవులు పగిలాయి. దుప్పటి మీదున్న చేతికి బొటనవేలి మొదట్లో స్టీరింగు పట్టుకున్న కాయ కాసి ఉంది. ఎవరో వచ్చారని తెలిసి ఎవరని అడిగింది. నీ వెన్నునీరు చూసే మనిషినమ్మా, అంది నిదానమ్మ.

"ఏం కనబడింది?"

"సరిగ్గా కనబడలేదు. మా దగ్గర పొరపాటు జరిగింది. ఇంకోసారి గుచ్చనిస్తే సరిగ్గా చూసి చెప్తాను."

"ఈసారి బాగుంటుందా?"

అవునని చెప్పాలని నిదానమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. "తెలీదమ్మా. పొద్దున చెప్పిందే నిజం కావచ్చు. కాకపోతే ఈసారి ఏది ఉంటే అదే కనబడుతుంది."

  ఆ అమ్మాయి కళ్ల మీది గుడ్డ తీసి, వెలుతురుకు కళ్లు చికిలించుకుంటూ ఇటు తిరిగింది.

"బస్సుకి ముందద్దం మసకేస్తే నేనూ ఆపి తుడుచుకునే వెళ్తాను. గుచ్చండి" అంది.

అంతవరకూ బిగబట్టుకున్న అత్తగారు అప్పుడు భోరుమంది. ఆమెను చూసి నిదానమ్మ కూడా ఆపుకోలేకపోయింది. పెద్ద డాక్టరు కసిరిన రోజు నుంచి దాచుకున్నదంతా అక్కడే, ఆ మంచం పక్కనే కట్ట తెంచుకుంది. బాబాయి తన ఊదారంగు వేళ్లతో రుమాలు తీసి ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డాడు.

"మీరేడుస్తారేంటండీ?" అంది ఆ అమ్మాయి, ఆశ్చర్యంగా.

"అది నాకున్న జబ్బులేమ్మా. పట్టించుకోకు" అంది నిదానమ్మ ముక్కు తుడుచుకుంటూ. ఆ అమ్మాయి పగిలిన పెదవులతోనే కొంచెం నవ్వింది.

సూది గుచ్చిన డాక్టరు చేతిలోంచి గొట్టం బాబాయి చేతిలోకి, అక్కడినుంచి నేరుగా కిందికి. అప్పటికి లిఫ్టు బాగయినా బాబాయి మెట్ల మీదే దిగాడు. రెండు చుక్కలు వేస్తానన్నాడు, ఒక్కటే వెయ్యమని నిదానమ్మ కసిరింది. యంత్రం ఆగేదాకా ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. పలక ఆరేదాకా ఫ్యాను గొడవ కూడా రాలేదు.

కన్ను పెట్టింది. రేకులు లేవు. గుండ్రటి చిన్న కణాలు, వాటికంటే కొంచెం పెద్దవి, అక్కడక్కడా ఉబ్బిన నీలం రౌడీలు, చెత్త మింగి పొట్టలు పెంచుకున్న పెద్ద కణాలు. ఒకదాని ముఖం ఇంకోదానికి లేదు. ఎటు జరిపినా అదే కలగాపులగం. ఆవిడకు లేచి గట్టిగా కేక వెయ్యాలనిపించింది. వెంటనే భయమేసింది. ఇప్పుడు తను ఆ ముఖం చూసింది. ఆ నవ్వు చూసింది. తన కన్ను మొహమాటపడుతోందేమో? కావాలనుకున్నదే కనబడుతోందేమో? ముందెన్నడూ తన కంటిని ఆవిడ ఇలా అనుమానించలేదు.

క్యాన్సర్ డాక్టరును పిలిపించింది. ఏమీ చెప్పకుండా కుర్చీ చూపించింది. ఆయన కూర్చున్నాడు. ఒక చోట నిలవని మనిషి, పలక ఈ చివర నుంచి ఆ చివరదాకా మెల్లగా, వరస తప్పకుండా చూశాడు, ఎప్పుడో ఇదే గదిలో నేర్చుకున్నట్టే. డాక్టరు వీపు వెనక నిలబడ్డ బాబాయిని నిదానమ్మ దూరంగా లాగింది.

"అన్ని రకాలూ ఉన్నాయి కదా మేడమ్?"

"నన్నడక్కు. నువ్వే చెప్పు."

మళ్లీ చూశాడు. "ముఠాలా లేదు" అన్నాడు చివరికి. అన్నాక కూడా కన్ను తియ్యలేదు. తెల్లారి పెట్టుకున్న పని ఆపేస్తానన్నాడు. కాని ఇది తప్పయి, ఆగిన రోజుల్లో ఆ అమ్మాయికి ఏమైనా అయితే ఏం చెయ్యాలని అడిగాడు. ఆపమన్నది నేనని రాయి అంది ఆవిడ. ఇద్దరి పేర్లూ రాద్దాం మేడమ్, అన్నాడాయన.

ఆ సాయంత్రం భర్త ఆవిడను స్కూలు మైదానానికి నడకకు తీసుకెళ్లాడు. విషయం అంతా విన్నాడు. ఎప్పుడూ నాలుగడుగులు ముందుండే మనిషి, ఆ పూట ఆవిడ పక్కనే, ఆవిడ అడుగులోనే నడిచాడు. నువ్వు చెప్పింది తప్పు కాదులే అని అనలేదు. ఆయనకు కణాల సంగతి తెలియదు, తెలియని దాని మీద ధీమాగా మాట్లాడే అలవాటూ లేదు. చీకటి పడకముందే ఇంటికొచ్చారు. తెల్లారి ఆవిడ ఆ పలకనే మళ్లీ తీసి చూసింది. ఊరేగింపే. కాని మనసుకు నమ్మకం చాల్లేదు.

తర్వాతి రోజులు ఎవరికీ అన్నం సహించలేదు. ఆ అమ్మాయికి జ్వరం తగ్గలేదు, ఒక పూట వాంతులు ఎక్కువయ్యాయి. క్యాన్సర్ డాక్టరు పదేపదే ఫోను చేసి ఏమీ అడగకుండా పెట్టేసేవాడు. లారీ కొడుకు వచ్చి, మాసిన గడ్డంతో, భార్య కాళ్ల దగ్గర కూర్చున్నాడు. నిదానమ్మ రోజూ పైకి వెళ్లేది. చెయ్యడానికి పనేమీ లేదు, ఊరికే వెళ్లి తలుపు దగ్గర నిలబడి వచ్చేది. ఒక పొద్దున అలా వెళ్లేసరికి గదిలో పరదా కాస్త పక్కకు లాగి ఉంది. ఆ అమ్మాయే లాగమందట. ఆకలేస్తోందని అత్తగారితో గొడవ పెట్టుకుంటోంది కూడా.

వేరే ఊరి నుంచి జవాబులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పిల్లల్లో తిరిగే మామూలు వైరస్ ఒకటి దొరికింది, బస్సులో ఎవరి తుమ్ము నుంచో వచ్చి ఉంటుంది. పెద్ద యంత్రం కూడా కణాలు ఒకే వంశానివి కావని తేల్చింది. క్యాన్సర్ డాక్టరు ఆ సంగతి చెప్పడానికి మెట్లు మూడేసి దిగి వచ్చాడు. నిదానమ్మ విని, కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపటిదాకా లేవలేదు. బాబాయి ఫ్యాను తనకు నచ్చిన వేగంలో పెట్టుకున్నాడు, ఆవిడ గమనించనే లేదు.

ఇంటికి వెళ్లే రోజు ఆ అమ్మాయి అత్తగారి చెయ్యి పట్టుకుని ఆ గదికి వచ్చింది. ఇంకా కాస్త తూలుతోంది. తన ఒంట్లో ఏవి కనబడ్డాయో ఒకసారి చూస్తానంది. రోగులకు చూపించడం అక్కడ అలవాటు లేదు. నిదానమ్మ ఈసారి ఆలోచించకుండానే కుర్చీ లాగింది. మైక్రోస్కోపుకు ఎదురెదురుగా ఇద్దరు చూడడానికి వీలుంది. ఒకవైపు ఆవిడ, ఇంకోవైపు ఆ అమ్మాయి. ఉబ్బిన నీలం కణాలు ఏమిటని అడిగితే, వైరస్ మీద కోపంగా ఉన్నవని చెప్పింది.

"అప్పుడు నన్ను చంపబోయినవి ఎలా ఉంటాయి?"

 వేరే జాతివని నిదానమ్మ చెప్పెయ్యొచ్చు. ఎవరికీ నష్టం లేదు.

"ఇవేనమ్మా. ఈ జాతే. అప్పుడు కొన్ని దారి తప్పాయి."

ఆ అమ్మాయి కన్ను తియ్యలేదు. పక్కగదిలో యంత్రం తిరిగి తిరిగి ఆగింది.

"అప్పట్నుంచీ నా ఒళ్లంటే నాకు పగోళ్ల ఇంట్లో ఉన్నట్టే ఉంది. లోపల ఎప్పుడు ఏం చేస్తుందోనని నిద్రలో కూడా కాపలా కాసేదాన్ని. మొన్న మీరు బాగాలేవన్నప్పుడు కూడా, ఇదింతేలే అనుకున్నా." మళ్లీ పలకలోకి చూసింది. "ఇవి నాకోసమే వచ్చాయా?"

"నీకోసమే వచ్చాయి" అంది నిదానమ్మ.

ఆమె చెయ్యి కడుపు మీదికి పోతుందనుకుంది అత్తగారు. నిదానమ్మా అదే అనుకుంది. ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి చాపి, నడుం మీద రెండుసార్లు సూది దిగిన చోటును, ఊరికే తిట్లు తిన్న పిల్లను దగ్గరకు తీసుకున్నట్టు, మెల్లగా నిమురుకుంది.